గింజ దాచుకున్న ఊళ్లు

కరవొచ్చిందంటే పట్నం నుంచి బియ్యం లారీ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసే ఊళ్లు చాలా ఉన్నాయి. ఆ ఎదురుచూపులు మానేసి... తమ తిండి తామే పండించుకుని, తామే దాచుకుని, ఊళ్లోని నిరుపేదకు తామే పంచిపెట్టిన ఊళ్లు మాత్రం కొన్నే. జహీరాబాద్‌ చుట్టుపక్కల పల్లెల్లో ఆ పని చేసి చూపించింది పెద్ద రైతులు కాదు, అధికారులు కాదు. ఒకటి రెండు ఎకరాల చెలక తప్ప మరో ఆధారం లేని పేద మహిళలు.

హైదరాబాద్‌ నుంచి ముంబై వెళ్లే జాతీయ రహదారి మీద వంద కిలోమీటర్లు దాటితే జహీరాబాద్‌ వస్తుంది. ఇంకాస్త ముందుకెళ్తే కర్ణాటకే. ఒకప్పుడు మెదక్‌ జిల్లా, 2016 నుంచి సంగారెడ్డి జిల్లా. బోర్లున్న చోట చెరకు, అల్లం, ఆలుగడ్డ పండుతాయి. అవి దాటి లోపలి ఊళ్లకు వెళ్తే మాత్రం నేల రంగు మారిపోతుంది. ఎర్ర మట్టి, రాళ్లు, పలుచటి పైపొర. కింద గట్టి మొరం. పడ్డ వాన పడ్డట్టే జారిపోతుంది. కాలువలు లేవు, పెద్ద చెరువులూ తక్కువే.

పేదలకు దక్కింది ఇలాంటి నేలే. భూసంస్కరణల కాలంలో దళిత కుటుంబాలకు ప్రభుత్వం పట్టాలిచ్చింది. అయితే వాళ్ల వంతుకు వచ్చినవి ఊరి చివరి గుట్టల పక్క భూములు. కాగితం మీద ఎకరాలున్నాయి. కానీ ఎడ్లు లేవు, ఎరువు లేదు, పెట్టుబడి లేదు. దున్ని జొన్న వేసినా ఎకరానికి ముప్ఫై నలభై కిలోలు వస్తే గొప్ప. ఆ మాత్రానికి ఎందుకు చాకిరీ అని చాలామంది భూమిని పడావు పెట్టేసి, ఎవరి చెరకు తోటలోకో కూలికి పోయేవారు. భూమి ఉన్నవాళ్లే కూలీలు, పండించాల్సిన వాళ్లే కొనుక్కు తినేవాళ్లు!

బియ్యం వచ్చింది... జొన్న పోయింది

1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకం మొదలైంది. లక్షల కుటుంబాల ఆకలి తీర్చిన పథకం అది. అందులో సందేహం లేదు. అన్నం అంటే పండగనాటి తిండి అనుకునే ఇళ్లకు రోజూ అన్నం అందింది. అయితే మెట్ట ప్రాంతాల్లో దానికి ఇంకో పర్యవసానం కూడా ఉంది. అది మెల్లగా కనిపించింది.

రేషన్‌ దుకాణానికి వచ్చే బియ్యం ఎక్కడో కృష్ణా, గోదావరి కాలువల కింద పండినవి. ఎర్ర చెలకల్లో పండేవి జొన్న, సజ్జ, కొర్ర. వాటిని ప్రభుత్వం కొనదు, రేషన్లో ఇవ్వదు. రెండు రూపాయలకు బియ్యం దొరుకుతుంటే జొన్న కొనేదెవరు? కొనేవాళ్లు లేకపోతే పండించేదెవరు? జొన్న తగ్గింది. జొన్నతోపాటు చొప్ప తగ్గింది. చొప్ప లేక పశువులు అమ్ముడుపోయాయి. పశువులు పోయాక పెంట లేదు. పెంట లేని నేల ఇంకా చచ్చుబడింది. నేల పడావు పడ్డాక కలుపుతీత, కోత, నూర్పిడి లేవు కాబట్టి ఊళ్లో ఆడవాళ్లకు కూలీ పనీ లేదు. ఒక్క గింజ పోతే దాని వెనకే ఇన్ని పోయాయి.

పైగా రేషన్‌ బియ్యం నెలంతా రావు. అవి అయిపోయాక, పనులు దొరకని వర్షాకాలపు రోజుల్లో, పాత పంట అయిపోయి కొత్త పంట ఇంకా చేతికి రాని ఆషాఢ శ్రావణాల్లో మళ్లీ అప్పే దిక్కు. దొర దగ్గరో, షావుకారు దగ్గరో గింజలు తెచ్చుకోవడం, కోతలకు వాళ్ల పొలంలో వెట్టిగా పనిచేసి తీర్చడం. ఆకలి ఒక సమస్య అయితే, ఆ ఆకలి కోసం తలవంచాల్సి రావడం ఇంకో సమస్య.

సంగం పుట్టింది

అదే 1983లో జహీరాబాద్‌ దగ్గరి పస్తాపూర్‌ కేంద్రంగా దక్కన్‌ డెవలప్‌మెంట్‌ సొసైటీ(డీడీఎస్‌) మొదలైంది. పి.వి.సతీశ్‌, ఆయన మిత్రులు కొందరు దాన్ని స్థాపించారు. మైసూరులో పుట్టిన సతీశ్‌ అంతకు ముందు దూరదర్శన్‌లో కార్యక్రమాల నిర్మాత. కెమెరా పక్కన పెట్టి పల్లెలకు వచ్చిన ఆయన చివరిదాకా అక్కడే ఉండిపోయారు. 2023 మార్చిలో కన్నుమూశారు.

ఊరూరా పేద మహిళలు సంఘాలుగా ఏర్పడ్డారు. వాళ్ల మాటలో చెప్పాలంటే ‘సంగాలు’. ఎక్కువమంది దళితులు. వారంలో ఒకరోజు రాత్రి, కూలి పనులు ముగించుకుని, వంటలు పూర్తిచేసుకుని కూర్చునేవారు. మొదట చేతిలో ఉన్న చిన్న పనులే చేశారు. రాళ్లు ఏరడం, గట్లు వేయడం, పెంట తోలడం. తర్వాత కొందరు కలిసి ఊళ్లోని భూములు కౌలుకు పట్టారు. ఒంటరిగా వెళితే ఒక్క ఎకరం కూడా కౌలుకివ్వని వాళ్లు, పదిమంది కలిసి వెళ్తే ఇచ్చారు. కాలక్రమంలో దాదాపు 75 గ్రామాల్లో అయిదు వేల మంది ఈ సంగాల్లో చేరారు.

నేల కాస్త ఊపిరి పోసుకున్నాక ఒక ప్రశ్న వచ్చింది. ఊళ్లో ఇంత భూమి పడావుగా ఉంది, ఇన్ని ఇళ్లలో గింజలు లేవు. ఈ రెండింటినీ ఎందుకు కలపకూడదు? ఆ ప్రశ్నే ఈ కథకు గుండెకాయ.

ఊరి సొంత రేషన్‌

1990ల మధ్యలో, కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ సాయంతో, సంగాలు ఒక ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ వ్యవస్థను మొదలుపెట్టాయి. పేరు పెద్దదే కానీ పద్ధతి ఎవరికైనా అర్థమయ్యేదే.

ఊళ్లో పడావు భూములున్న చిన్న రైతుల్ని సంగం కమిటీ పిలుస్తుంది. దున్నడానికి, పెంటకు, విత్తనానికి, కలుపుకు విడతల వారీగా అప్పు ఇస్తుంది. పని జరిగిందో లేదో కమిటీ మహిళలే చేను దగ్గరికి వెళ్లి చూసి వస్తారు. జరిగితేనే తర్వాతి విడత. పంట వచ్చాక రైతు ఆ అప్పును డబ్బుగా కాదు, జొన్నలుగా తీరుస్తాడు. అదీ ఒక్కసారి కాదు, అయిదేళ్లలో కొంచెం కొంచెంగా. అలా వచ్చిన జొన్న ఎక్కడికీ పోదు. ఊళ్లోనే నిల్వ చేస్తారు. వర్షాకాలంలో గింజలకు కటకటపడే రోజుల్లో దాన్ని ఊళ్లోని పేద కుటుంబాలకు బజారు ధర కన్నా తక్కువకు ఇస్తారు. ఆ డబ్బు బ్యాంకులో పడుతుంది. మళ్లీ ఇంకొన్ని పడావు భూముల సాగుకు అప్పుగా వెళుతుంది.

చూడండి... పండించింది ఊళ్లోనే, దాచింది ఊళ్లోనే, తిన్నదీ ఊళ్లోనే. లారీ లేదు, గోదాము లేదు, దళారీ లేడు. జొన్న ప్రయాణం మహా అయితే రెండు మూడు కిలోమీటర్లు!

డీడీఎస్‌ లెక్కల ప్రకారం మొదట ఈ పథకం నడిచిన 30 ఊళ్లలో 2,675 ఎకరాల భూమి తిరిగి సాగులోకి వచ్చింది. తొలి ఏడాదే అదనంగా పండిన జొన్న సుమారు ఎనిమిది లక్షల కిలోలు. ఎకరానికి సగటున మూడు క్వింటాళ్లన్న మాట. ముప్ఫై నలభై కిలోలు పండిన నేలేనా ఇది అనిపిస్తుంది. తిండి లెక్కలో చెప్పాలంటే దాదాపు 30 లక్షల పూటల భోజనం. పంటతోపాటు వేల పశువులకు చొప్ప వచ్చింది. కలుపులు, కోతలతో కూలీ పనులు పెరిగాయి. పోయినవన్నీ ఏ వరుసలో పోయాయో, అదే వరుసలో తిరిగి రావడం మొదలైంది.

పేద ఎవరో ఊరే చెప్పింది

ఏ పథకానికైనా అసలు పరీక్ష ఒక్కచోటే వస్తుంది... ఎవరికి ఇవ్వాలి? కార్డు ఉన్నవాడికి ఇవ్వాలా? పలుకుబడి ఉన్నవాడికి ఇవ్వాలా? మన ఊళ్లలో ఎన్ని తెల్లకార్డులు ఎవరెవరి ఇళ్లలో ఉంటాయో అందరికీ తెలిసిందే.

ఇక్కడ ఆ జాబితా మండలాఫీసులో తయారవలేదు. ఊరి మధ్య, అందరూ చూస్తుండగా, నేల మీద తయారైంది. ముగ్గుపిండితో, రంగులతో ఊరి పటం వేశారు. వాడ వాడకూ గీత, ఇంటింటికీ గుర్తు. ఇక ఒక్కో ఇంటి గురించి చర్చ. భూమి ఉందా? ఉంటే పండేదేనా? పశువు ఉందా? పనిచేసే చేతులెన్ని, తినే నోళ్లెన్ని? ఒంటరి ఆడమనిషా? మంచాన పడ్డవారున్నారా? అక్షరాలు రానివారికి కూడా అందరి బతుకులూ తెలుసు. పక్కింటి పొయ్యి రోజుకు ఎన్నిసార్లు వెలుగుతుందో తెలియనిదెవరికి? చర్చ ముగిసేసరికి ఎవరు అందరికన్నా పేదో, ఎవరు కాస్త మెరుగో తేలిపోయేది. అందరికన్నా పేద ఇంటికి ఎక్కువ జొన్న, కాస్త మెరుగైన ఇంటికి తక్కువ.

పదిమంది మధ్య కూర్చుని ‘నేను పేదను’ అని అబద్ధం చెప్పడం కష్టం. అక్కడ ఏ తనిఖీ అధికారీ అక్కర్లేదు. ఆ కూర్పులో ఇంకో సంగతి ఉంది. గింజ కోసం ఒకప్పుడు షావుకారు గడపలో నిలబడ్డ మహిళే ఇప్పుడు గింజ ఎవరికి చేరాలో నిర్ణయించే చోట కూర్చుంది. జొన్నల కన్నా ఆ మార్పే పెద్దది.

చేను ఒకటే... పంటలు ఇరవై

గింజలు దాచుకోవడం సరే. అసలు వానే రాకపోతే? 2002లో దేశమంతటా రుతుపవనాల వాన సాధారణం కన్నా 19 శాతం తగ్గింది. 2009లో దాదాపు 22 శాతం తగ్గింది. 2014, 2015ల్లో వరసగా రెండేళ్లు కరవే. ఒకే పంట వేసిన రైతు ఇలాంటి ఏడాది నిండా మునిగిపోతాడు.

సంగం మహిళల చేనును చూస్తే ముందు అయోమయంగా ఉంటుంది. జొన్న సాళ్ల మధ్య కంది. పక్కనే సజ్జ, కొర్ర, సామ. నడుమ పెసర, మినుము, బొబ్బర్లు, అనుములు. గట్టు మీద పుంటికూర, అంచుల్లో నువ్వులు. ఎకరంలో పదిహేను, ఇరవై రకాలు మామూలే. చూడ్డానికి గజిబిజిగా ఉన్నా లోపల పెద్ద లెక్కే ఉంది.

పెసర 65-70 రోజులకు చేతికొస్తుంది. కొర్ర, సజ్జ మూడు నెలల లోపే. జొన్న నాలుగు నెలలకు అటూ ఇటూ. కంది ఆరు నెలలు నిలబడుతుంది. మొదట్లో వానలు ముఖం చాటేస్తే కొన్ని పోతాయి, వెనక పడితే కంది కాస్తుంది. ముందు బాగా పడి వెనక ఆగిపోతే కొర్ర, సజ్జ అప్పటికే ఇంటికి చేరి ఉంటాయి. అన్నీ ఒక్కసారి పోవడమనేది చాలా అరుదు. నేలలో కూడా సర్దుబాటు ఉంది. కంది వేరు లోతుకు దిగి అడుగు తేమను అందుకుంటే, జొన్న, కొర్ర పైపొరలో తాగుతాయి. పప్పు జాతి మొక్కలు గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి నేలకు ఇస్తాయి. రాలిన కంది ఆకే మరుసటి ఏడాదికి ఎరువు. యూరియా బస్తా కోసం లైన్లో నిలబడే పని లేదు.

వానాకాలం పంటతో కథ అయిపోదు. నల్లరేగడి ఉన్నచోట చలికాలంలో శనగ, కుసుమ, అవిసె వంటివి వేస్తారు. వాటికి వాన అక్కర్లేదు, బోరు అక్కర్లేదు. నేలలో మిగిలిన తేమ, రాత్రిపూట కురిసే మంచు... అంతే! వాటిని అక్కడి మహిళలు ‘సత్యం పంటలు’ అని పిలుచుకుంటారు. ఏమీ అడక్కుండా పండే పంటకు అంతకన్నా మంచి పేరేముంటుంది?

విత్తనాల గంప

సంగం మహిళల ఇళ్లలో బంగారం ఉండకపోవచ్చు. విత్తనాల గంపలు మాత్రం ఉంటాయి. వెదురు గంపకు ఎర్రమట్టి, పేడ కలిపి అలుకుతారు. ఆరాక అడుగున బూడిద, వేపాకు వేసి విత్తనం పోస్తారు. పైన మళ్లీ బూడిద, వేపాకు. ఆపై మట్టితో మూసేస్తారు. పురుగు చేరదు, తేమ తగలదు. ఏరువాక పున్నమి దాకా విత్తనం నిద్రపోతూనే ఉంటుంది.

ఊరి విత్తన నిధికి ఒక్కటే కట్టుబాటు. విత్తనం అమ్మకూడదు. కావాల్సినవాళ్లు సోలెడు తీసుకెళ్తే పంట వచ్చాక రెండు సోలలు తెచ్చి ఇవ్వాలి. డబ్బుతో పనే లేదు. ఇలా ఇచ్చిపుచ్చుకుంటూనే దాదాపు 80 రకాల విత్తనాలను బతికించుకున్నారు. ఆ రకాల్లో చాలావాటిని చుట్టుపక్కల రైతులు ఎప్పుడో మర్చిపోయారు.

ఇందులో మురిపెం ఒక్కటే కాదు, లెక్క కూడా ఉంది. తొలకరికి వేసిన విత్తనం వాన లేక మాడిపోతే మళ్లీ వేయాలి. కంపెనీ విత్తనం అయితే మళ్లీ కొనాలి, అంటే మళ్లీ అప్పు. విత్తనం ఇంట్లో ఉన్న రైతుకు రెండోసారి, మూడోసారి వేయడానికి అడిగే దిక్కు అక్కర్లేదు. కరవును తట్టుకోవడం అంటే చాలావరకు ఇదే... మళ్లీ మొదలుపెట్టే శక్తి చేతిలో ఉండటం.

ఆ విత్తనాలకు ఏటా ఓ జాతర కూడా ఉంది. పాతపంటల జాతర. 2000 దశకం ఆరంభం నుంచి సంక్రాంతికి మొదలై నెలరోజుల పాటు సాగుతుంది. ఎడ్లబండ్లను పూలతో, ఆకులతో అలంకరించి, వాటి మీద విత్తనాల మట్టిచిప్పలు పేర్చి, పాటలతో, డప్పులతో ఊరూరూ తిరుగుతారు. దేవుడి ఊరేగింపులాగే హారతులిచ్చి ఎదురొస్తారు. ఊరి మధ్య కూర్చుని ఏ రకం ఎక్కడ తగ్గిపోయింది, ఎవరి దగ్గర ఉంది అని మాట్లాడుకుంటారు.

కలుపు కాదు... కూర!

మనం కలుపు అని పీకి పారేసేదాన్ని వాళ్లు కూర అని ఒడిలో వేసుకుంటారు. తుమ్మికూర, దొగ్గలికూర, జొన్న చెంచలి, పొన్నగంటి... ఇవేవీ ఎవరూ విత్తరు. మందులు కొట్టని చేలల్లో, గట్ల మీద వాటంతటవే మొలుస్తాయి. కూలికి వెళ్లిన మహిళ సాయంత్రం ఇంటికి వస్తూ గుప్పెడు కోసుకొస్తే ఆ పూటకు కూర అయిపోయింది. పైసా ఖర్చు లేదు. కొత్త పంట ఇంకా రాని వానాకాలంలోనే ఈ ఆకులు దండిగా ఉంటాయి. అంటే జేబు, గంప రెండూ ఖాళీ అయ్యే రోజుల్లోనే ప్రకృతి పెట్టే కంచం ఇది. కలుపుమందు కొట్టిన చేలో ఆ కంచం కూడా ఉండదు.

తిండి గురించి మాట్లాడేటప్పుడు కడుపు నిండిందా అని మాత్రమే అడిగితే సరిపోదు. నూరు గ్రాముల రాగుల్లో(తెలంగాణ మాటలో తైదలు) కాల్షియం సుమారు 350 మిల్లీగ్రాములు. బియ్యంలో పదికి అటూ ఇటూ. సజ్జల్లో ఇనుము బియ్యం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. రక్తహీనత ఇంటింటి సమస్య అయిన చోట ఆ తేడా చిన్నదేమీ కాదు. జొన్నరొట్టె, పప్పు, ఓ ఆకుకూర... పేదింటి కంచంలో ఇంతకన్నా నిండైన భోజనం వెతికినా దొరకదు.

మా ముచ్చట మేమే చెప్పుకుంటాం

విత్తనం గురించి, వాన గురించి, తెగులు గురించి ఒక ఊరి అనుభవం ఇంకో ఊరికి చేరాలి. ఎలా? సంగం మహిళలు దానికీ దారి వెతుక్కున్నారు. 2008 అక్టోబరు 15న మాచునూరులో సంగం రేడియో ప్రసారాలు మొదలయ్యాయి. నడిపింది దళిత మహిళలే. జనరల్‌ నర్సమ్మ, అల్గోల్‌ నర్సమ్మ స్టూడియోలో కూర్చుని తమ యాసలో మాట్లాడుతుంటే చుట్టుపక్కల ఊళ్లు విన్నాయి. అంతకు ముందే వాళ్లు కెమెరాలూ పట్టారు. వరంగల్‌ రైతులకు బీటీ పత్తి మీద కోపం ఎందుకొచ్చిందో వాళ్లు తీసిన చిత్రం దేశవిదేశాల్లో చర్చకు దారితీసింది. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్‌ పురస్కారం డీడీఎస్‌ మహిళలకు దక్కింది.

పురస్కారం వచ్చిన మరుసటి ఏడాదే పరీక్ష వచ్చింది. 2020లో కరోనా. లాక్‌డౌన్‌తో బజార్లు మూతపడ్డాయి, బస్సులు ఆగిపోయాయి, కూలి పనులు లేవు. అలాంటి రోజుల్లో ఈ మహిళలు తమ ఇళ్లలోని ధాన్యంలోంచి తలా కొంత తీసి, వేల కిలోలు పోగుచేసి లేనివాళ్ల కోసం ఇచ్చారు. జహీరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికులకు, వైద్య సిబ్బందికి, పోలీసులకు వేడి వేడి అంబలి పోశారు. ఒకప్పుడు గింజ కోసం చేయి చాచినవాళ్లు!

అక్కడే కాదు...

జహీరాబాద్‌ ఒంటరి కాదు. ఒడిశాలోని కొరాపుట్‌ కొండల్లో కమలా పూజారి అనే ఆదివాసీ మహిళ దాదాపు వంద రకాల దేశీ వరి విత్తనాలను కాపాడారు. 2019లో పద్మశ్రీ అందుకున్నారు. మహారాష్ట్రలోని అకోలే తాలూకాలో రాహీబాయి పోపెరె ఇంటిని విత్తన బ్యాంకుగా మార్చి 2020లో పద్మశ్రీకి ఎంపికయ్యారు. మన అనంతపురం మెట్టల్లో టింబక్టు కలెక్టివ్‌ 1990 నుంచి బీడు పడ్డ నేలల మీద, చిరుధాన్యాల మీద పనిచేస్తోంది.

ప్రభుత్వాలు తలుచుకుంటే ఏం చేయొచ్చో ఒడిశా చూపించింది. 2017లో ఏడు జిల్లాల్లోని 30 బ్లాకుల్లో అక్కడ మిల్లెట్స్‌ మిషన్‌ మొదలైంది. గిరిజన రైతుల రాగులను ప్రభుత్వమే మద్దతు ధరకు కొంది. వాటిని రేషన్‌ కార్డుదారులకు ఇచ్చింది, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలుగా పెట్టింది. పండించినవాడికి ధర, తిన్నవాడికి బలం.

దేశం మొత్తం మీద చూస్తే దారి ఇంకా దూరంగానే ఉంది. 1970 ప్రాంతంలో దేశంలో కోటిన్నర హెక్టార్లకు పైగా జొన్న ఉండేది. 2020 నాటికి అర కోటి హెక్టార్లు కూడా లేదు. 2013 జాతీయ ఆహార భద్రత చట్టంలో బియ్యం, గోధుమలతోపాటు ముతక ధాన్యాలనూ చేర్చారు. జహీరాబాద్‌ మహిళల్లాంటి వాళ్లు ఎన్నో ఏళ్లు గొంతెత్తి అడిగిందే అది. 2023ను ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అయినా మన రేషన్‌ దుకాణంలో ఇప్పటికీ ప్రధానంగా దొరికేవి బియ్యమే. 2025 ఉగాది నుంచి తెలంగాణలో సన్నబియ్యం ఇస్తున్నారు. పేద ఇంటికి మంచి బియ్యం చేరడం సంతోషమే. ఆ సంచీ పక్కన ఇక్కడి చెలకలో పండిన జొన్నల సంచీ కూడా ఒకటి ఉంటే రైతుకు, కూలికి, పశువుకు, నేలకు కూడా వాటా దక్కేది.

గింజకు ఎన్ని గండాలో

ఇదంతా చదివి అక్కడ అంతా సవ్యంగా ఉందనుకుంటే పొరపాటే. విత్తనాల గంపలు మొదట అలికిన మహిళలు వృద్ధులవుతున్నారు. వాళ్ల పిల్లలు చదువుకున్నారు, పట్నాల్లో పనులు వెతుక్కుంటున్నారు. అందులో తప్పేముంది? పక్క చేలన్నీ పత్తి, సోయా అయితే మధ్యలో మిగిలిన ఒక్క జొన్న చేను మీద పిట్టలన్నీ వాలుతాయి. అడవిపందుల బెడద వేరు. కొర్రలు, సామలు దంచి పొట్టు తీయడం ఆడవాళ్ల నడుము విరిచే పని. చిన్న మరలు ఊళ్లోనే ఉంటే తప్ప ఆ బరువు తగ్గదు. నగరాల్లో చిరుధాన్యాలకు గిరాకీ పెరిగి దుకాణంలో ధర ఎక్కింది. ఆ ధరలో చేను దాకా వచ్చేది కొంతే.

వీటన్నిటికన్నా పెద్ద ప్రశ్న భూమి. ఇదే ప్రాంతంలోని న్యాల్‌కల్‌, ఝరాసంగం మండలాల్లో 12 వేలకు పైగా ఎకరాల్లో జాతీయ పెట్టుబడులు, తయారీ మండలి(నిమ్జ్‌) ప్రతిపాదించారు. 2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన 12 పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్‌ ఒకటి. పరిశ్రమలొస్తే ఉద్యోగాలొస్తాయని కొందరి ఆశ. భూమి పోతే ఏం తినాలని ఇంకొందరి భయం. రెండూ నిజమే. పరిహారం డబ్బుగా వస్తుంది. డబ్బుకు ఏటా కొత్త పంట రాదు. ఊరి పటంలో అందరికన్నా పేదగా తేలిన ఆ ఇంటికి, చేను లేని ఊళ్లో జొన్నలు ఎవరిస్తారు? ఉద్యోగాల లెక్కలు వేసేటప్పుడు ఈ లెక్క కూడా ఎవరో ఒకరు వేయాలి.

వాతావరణం మారిపోతోంది. వానలు పడితే కుండపోత, లేకపోతే నెలల తరబడి ఎండ. ఇలాంటి రోజుల్లో ఆహార భద్రత అనగానే పెద్ద గోదాములు, లక్షల టన్నుల నిల్వలు గుర్తొస్తాయి. అవీ కావాలి. దేశానికి అవి వెన్నెముక. కానీ గోదాము తాళం ఎక్కడో ఉంటుంది. అది తెరిచేలోపు, లారీ కదిలేలోపు, కార్డులో పేరు సరిపోయేలోపు ఒక ఇంట్లో పొయ్యి ఎన్ని పూటలు ఆరిపోతుందో ఎవరూ లెక్కపెట్టరు.

జహీరాబాద్‌ మహిళలు చెప్పింది అదే. ప్రభుత్వ బియ్యం వద్దని వాళ్లు అనలేదు. దాని ఒక్కదాని మీదే బతకలేమన్నారు. ఊళ్లో పండే గింజ, ఇంట్లో విత్తనం, ఎవరికి ముందు పెట్టాలో తెలిసిన పదిమంది... ఈ మూడూ ఉన్న ఊరికి కూడా కరవు వస్తుంది. వస్తుంది కానీ, ఊరిని ఖాళీ చేయించి పంపలేదు.